తుమ్మిన జీపు



ప్రయాణానికి గడప దాటబోతుంటే ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే మా ఉదయగిరిలో మనిషి వెనక్కొచ్చి కూర్చుంటాడు. రెండు గుక్కల మంచినీళ్లు తాగి మళ్లీ లేస్తాడు. వెంటనే రెండో తుమ్ము వినబడితే ఇబ్బంది లేదు, దోషం పోయినట్టే. మరి తుమ్మింది మనిషి కాక జీపయితే? అదీ ఒకటి రెండు కాదు, ఎక్సలేటర్ తొక్కిన ప్రతిసారీ బానెట్ కింద నుంచి ఫట్టుమని తుమ్ముతుంటే ఎన్ని గుక్కలు తాగాలి? అట్లా తుమ్మిన ఒక పాత జీపు గురించి, దాని తుమ్ము మాన్పిన ఆత్మకూరు మేస్త్రి గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్తాను.

మా మెట్టలో పెద్దవాళ్లకు జీపు అంటే సమితి జీపే. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడ్డాక బి.డి.ఓ. గారు పల్లెకు వచ్చేది అందులోనే. ఊరి బయట ఎర్రదుమ్ము లేస్తే చాలు, ఎవరొస్తున్నారో అరుగు మీద కూర్చున్న వాళ్లందరికీ తెలిసిపోయేది. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చాయి. పాతబడిన జీపులు వేలానికొచ్చాయి. అట్లాంటి ఒక వేలంలో మా నాయన పాడుకున్నదే ఈ బండి. విల్లీస్ కంపెనీ రూపకల్పన, మన దేశంలో మహీంద్రా తయారీ, పేరు సీజే త్రీ బీ. బానెట్ ఎత్తుగా, మెడ నిక్కించిన గిత్తలా ఉంటుంది. ఆ ఎత్తు అందం కోసం పెట్టింది కాదు. యుద్ధకాలపు జీపు ఇంజనులో వాల్వులన్నీ కింద బ్లాకులోనే ఉండేవి. 1953లో వచ్చిన ఈ మోడల్లో పెట్రోలు లోపలికి తీసుకునే వాల్వుల్ని పైన హెడ్డులోకి మార్చారు. ఇంజను ఎత్తు పెరిగింది, దాన్ని మూయడానికి బానెట్టూ పెరిగింది. నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్ల ఇంజను. అమెరికాలో 1968 నాటికి దీని తయారీ ఆగిపోయింది. మన దగ్గర దీని వంశం ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది.

1973లో చమురు ధర ఆకాశానికి ఎక్కాక ఈ జీపుల బతుకు మారిపోయింది. లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు బండిని ఎవరు మేపుతారు? ఉన్నవాళ్లు ఉన్నట్టు ఇంజను దింపేసి డీజిలు ఇంజను ఎక్కించారు. ట్రాక్టరు ఇంజను పెట్టుకున్న వాళ్లూ ఉన్నారు. దింపిన ఇంజను, దాంతో పాటు కార్బరేటరు పాత ఇనుము కొట్టుకు పోయాయి. మా నాయన మాత్రం మార్చలేదు. అడిగితే ఒకటే మాట: “డీజిలు మోత నా చెవికి పడదురా.” మొండితనం అనుకున్నాం. అందులో ఒక సంగతి ఉందని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆయన పోయాక జీపు పశువుల కొట్టంలో నిలబడిపోయింది. ఎదురుగా ఉదయగిరి దుర్గం. దాన్ని పట్టుకోవడానికి కృష్ణదేవరాయల సైన్యానికి ఏడాదిన్నర పట్టిందని చరిత్ర చెప్తుంది. దాని కిందే మా జీపు పన్నెండేళ్లు అడుగు కదపకుండా కూర్చుంది. టైర్లు, బ్యాటరీ మార్చి, డ్రైవరు సీటు కింద ఉండే టాంకు కడిగించి స్టార్ట్ చేస్తే లేచింది గానీ, తొక్కితే తుమ్మడం, వదిలితే ఆగిపోవడం. తెలిసినవాళ్లంతా ఒకే మాట అన్నారు: కార్బరేటరు పోయింది.

నేనేం చేశానంటే, నాలుగు నట్లు విప్పి కార్బరేటరును ఊడదీసి, సంచిలో వేసుకుని ఆత్మకూరు బస్సెక్కాను. పెట్రోలంతా ఒంచేశాననే అనుకున్నాను. బస్సు సగం దూరం పోకముందే వాసన మొదలైంది. ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆ సంచికి నాకూ సంబంధం లేనట్టు కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, భయమూ వేస్తుంది. పెట్రోలు తడి ఉన్న వస్తువును బస్సులో తీసుకుపోకూడదు. మీరెవరూ ఆ పని చేయకండి.

మేస్త్రికి డెబ్బై దాటాయి. రేకుల షెడ్డు, ముందొక వేపచెట్టు, కొయ్యకు తగిలించిన రేడియో. సంచి విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోను కూడా లేదు. “రోగిని ఇంట్లో పడుకోబెట్టి ఊపిరితిత్తులు మూట కట్టుకొచ్చినావా అబ్బయ్యా? అది మూలుగుతుంటే గదా నేను వినేది. పో, బండి తీసుకురా” అన్నాడు.

మరుసటి వారం కార్బరేటరు మళ్లీ బిగించి, జీపును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చాం. అప్పుడు కూడా ఆయన కార్బరేటరు జోలికి పోలేదు. ముందు డెల్కో మూత తీశాడు. డెల్కో అంటే డిస్ట్రిబ్యూటరు, ప్లగ్గులకు వంతులవారీగా నిప్పురవ్వ పంచే పెట్టె. మా వైపు దానికి ఆ పేరే స్థిరపడింది, పెట్రోలు పంపును ఏసీ పంపు అన్నట్టుగానే. ఏసీ అంటే చల్లదనం కాదు, అదొకప్పటి కంపెనీ పేరు. డెల్కోలో పాయింట్లు నల్లబడి గుంటలు పడ్డాయి. వాటిని రుద్ది, సందు అర మిల్లీమీటరుకు సరిచేశాడు. ప్లగ్గులు మార్చాడు. తుమ్ముల్లో సగం అక్కడే తగ్గాయి. “కార్బరేటరు మీద పడే నిందల్లో సగం డెల్కోవే” అన్నాడు. అత్తగారింట్లో ఏ గిన్నె పగిలినా కొత్తకోడలి మీదికే పోయినట్టు, పెట్రోలు బండికి ఏ జబ్బు వచ్చినా నింద కార్బరేటరు మీదికే పోతుందట.

మిగిలిన సగం కోసం ఆయన బానెట్ మీద మోచెయ్యి ఆనించి, తల వంచి, కళ్లు మూసుకున్నాడు.

ఆయన ఏం వింటున్నాడో చెప్పాలంటే కార్బరేటరు ఏం చేస్తుందో చెప్పాలి. పూర్వం దోమలకు ఫ్లిట్ కొట్టే పంపు గుర్తుందా? ముందు ఒక డబ్బా, వెనక ఒక గొట్టం. పిడి నెడితే గాలి సన్నటి రంధ్రంలోంచి వేగంగా పోతుంది. ఆ గాలి డబ్బాలో మునిగిన పుల్లలాంటి గొట్టం కొస మీదుగా పోయేసరికి అక్కడ ఒత్తిడి తగ్గి, కిందున్న మందు తనంతట తానే పైకొచ్చి తుంపరైపోతుంది. కార్బరేటరూ అంతే. తేడా ఏమిటంటే ఇక్కడ గాలిని నెట్టేవాళ్లు లేరు, ఇంజను పీల్చుకుంటుంది. ఆ గాలి వచ్చే దారిలో ఒకచోట నడుము సన్నం చేశారు. అక్కడ గాలి పరుగెత్తుతుంది, పెట్రోలు పైకి లేస్తుంది. ఇరుకు దారిలో ప్రవాహానికి వేగం పెరిగి ఒత్తిడి తగ్గే ఈ గుణాన్ని వెంచూరి అనే ఇటలీ శాస్త్రవేత్త 1797లో వివరించాడు. సుమారు వందేళ్ల తర్వాత, 1893లో, హంగేరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లు దాన్ని పెట్రోలుకు పనికొచ్చేటట్టు అమర్చారు. పూలమ్మే అమ్మాయి నోటితో ఊదుతూ పూల మీద నీళ్లు చిలకరించడం చూసి వాళ్లకా ఆలోచన తట్టిందని ఒక కథ. నిజమో కాదో గానీ, మన పూల అంగళ్ల ముందు నిలబడితే నమ్మబుద్ధి వేస్తుంది.

ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించిన లెక్క ఒకటుంది. ఒక పాలు పెట్రోలు సరిగ్గా కాలాలంటే తూకంలో దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలికి బరువెంత గనక? అందుకే లీటరు పెట్రోలుకు సుమారు 9 వేల లీటర్ల గాలి పోతుంది. మనం బంకులో డబ్బిచ్చి పోయించుకునేది వంటలో ఉప్పంత. వంటంతా గాలే. ఆ గాలి పాలు పెరిగితే మంట నిదానిస్తుంది. లోపలికి తీసుకునే వాల్వు మళ్లీ తెరుచుకునే వేళకు కూడా అది ఆరిపోదు. అప్పుడది వెనక్కి, కార్బరేటరులోకి ఎగదన్నుతుంది. అదే తుమ్ము. పెట్రోలు పాలు పెరిగితే ఇంజను తుమ్మదు, తిన్నది అరగని మనిషిలా బరువుగా తూలుతుంది, సైలెన్సరులో నల్లపొగ వస్తుంది. అందుకే మేస్త్రి చెవికి తుమ్ము అంటే ఎక్కడో దొంగగాలి దూరుతోందనో, పెట్రోలు అందడంలేదనో అర్థం.

ఆయన కళ్లు తెరిచి, ఆయిల్ డబ్బా తీసుకుని, కార్బరేటరు అడుగున పక్కగా రెండు చుక్కలు వేశాడు. చిత్రం, ఎగుడుదిగుడుగా ఊగుతున్న ఇంజను మోత ఒక్క క్షణం నిలకడపడింది. నూనె లోపలికి పోగానే మళ్లీ ఊగింది. “విన్నావా?” అన్నాడు. విన్నాను, అయితే ఏం విన్నానో నాకు తెలియదు. ఎక్సలేటర్ తొక్కితే తిరిగే గాలి తలుపు ఉంటుంది. దాన్ని మోసే ఇనుప కడ్డీ ఎన్నో ఏళ్లు తిరిగి తిరిగి, దాని రంధ్రాన్ని కోలగా అరగదీసింది. ఆ సందులోంచి దొంగగాలి. వేసిన నూనె ఆ సందును ఒక్క క్షణం మూసింది. పది వేల రూపాయల పరికరం చెప్పాల్సిన సంగతి రెండు నూనెచుక్కలతో తేల్చాడు.

ఇక విప్పడం. మా జీపుది మద్రాసులో తయారైన సోలెక్స్. అమెరికా నుంచి వచ్చిన జీపులకు కార్టర్ అనే కార్బరేటరు ఉండేది, మన దగ్గర తర్వాతి వాటికి ఎక్కువగా సోలెక్స్ వచ్చింది. సోలెక్స్ పుట్టిల్లు ఫ్రాన్సు. మేస్త్రి దాన్ని తెల్లగుడ్డ పరిచిన పళ్లెంలో విప్పాడు. ఆ గుడ్డ ఉతికి ఆరేసిన పాత పంచె. చిన్న స్ప్రింగు ఎగిరిపడినా కనబడాలని. బీడీ అలవాటున్న మనిషి, ఆ రోజు బీడీ కట్ట తీసుకెళ్లి వేపచెట్టు అవతల రాయి కింద పెట్టొచ్చాడు.

మూత తీయగానే లోపల పన్నెండేళ్ల పెట్రోలు కనబడింది. ద్రవం కాదు, లక్కలాంటి గోధుమరంగు పూత, పాత వార్నిషు వాసన. దాని మీద అక్కడక్కడా తెల్లటి బూజులాంటి పొడి. ఆ పొడి చూసి ఆయన నా వైపు తిరిగాడు. స్టార్ట్ చేసేందుకు కొత్త పెట్రోలు పోసి రెండు నెలలు వదిలేశావా అని అడిగాడు. వదిలేశాను. ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ల దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు గాల్లో తేమను పీల్చుకునే గుణం ఉంది. రోజూ తిరిగే కొత్త బండికి దాంతో పెద్ద పేచీ లేదు. కానీ ఈ కార్బరేటర్లు పోతపోసిన కాలంలో ఆ సంగతి ఎవరి మనసులోనూ లేదు. తేమ పట్టిన పెట్రోలు నిలవుంటే లోహం మీద ఆ తెల్లపొడి పుడుతుంది, పాతకాలపు రబ్బరు ఉబ్బుతుంది. పాత బండిని నిలబెట్టదలిస్తే కార్బరేటరులో చుక్క లేకుండా నడిపి ఆపాలట.

జెట్ల దగ్గర ఆయన ముఖం మారింది. జెట్టంటే ఇత్తడి మర, దాని నడుమ సన్నటి రంధ్రం. పెట్రోలు కొలత అదే. సోలెక్స్ జెట్టు మీద చెక్కిన అంకె ఆ రంధ్రం వ్యాసమే, మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన. 120 అని ఉంటే 1.2 మిల్లీమీటర్లు. అంత సన్నటి లెక్క మీద నడిచే రంధ్రంలో ఎవరో ఎప్పుడో తీగ పెట్టి కుళ్లగించారు. భూతద్దంలో గీతలు కనబడ్డాయి. “ఇత్తడి మెత్తన, ఇనుపతీగ గట్టి. ఒకసారి పొడిస్తే ఇది 120 కాదు, ఎంతో దేవుడికే తెలుసు” అన్నాడు. జెట్లలో అడ్డం పడితే ఆయన వాడేది గాలం వేసే నైలాను దారం. సోమశిల జలాశయం దగ్గరే కనుక దానికి కరువు లేదు. ఆ తర్వాత సైకిలు పంపు గాలి.

అతుక్కుపోయిన ప్యాకింగులు గీకడానికి స్క్రూడ్రైవరు పెట్టబోయాను. చెయ్యి మీద చిన్న దెబ్బ వేశాడు. పెట్టెలోంచి ఆయన తీసింది చూసి నాకు నవ్వొచ్చింది. మా ఉదయగిరి చెక్క గరిటె! గరిటె విరిగిపోగా మిగిలిన కాడ, కొస చెక్కి పదును పెట్టాడు. మా ఊరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నాజూకైన పనితనమని దూరాల నుంచి వచ్చి కొనుక్కుపోతారు. అవి కార్బరేటరు వైద్యానికి కూడా పనికొస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. చెక్క లోహాన్ని గీరదు, ప్యాకింగును వదలదు.

ఫ్లోటు అంటే ఇత్తడి బుడగ. గిన్నెలో పెట్రోలు నిండగానే తేలి, సూది లాంటి వాల్వును నొక్కి దారి మూస్తుంది. ఇంట్లో నీళ్ల తొట్టికి పెట్టే బంతి లాంటిదే. మేస్త్రి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, పుచ్చకాయ వేలితో కొట్టి చూసినట్టు. లోపల బొళుకుమంది. అంటే చిల్లుపడి పెట్రోలు దూరింది, బరువెక్కి తేలడంలేదు. వేడినీళ్లలో ముంచితే బుడగలొచ్చిన చోటే చిల్లు. లోపలి పెట్రోలు పూర్తిగా పోయి ఆరేదాకా రెండు రోజులు ఎండలో పెట్టాడు. ఆ తొందర పడకపోవడం ముఖ్యం. లోపల ఆవిరి ఉండగా కాలిన సోల్డరు తగిలిస్తే చేతిలోనే పేలుతుంది. తర్వాత ఆవగింజంత సోల్డరు. ఎక్కువ పెడితే బరువు పెరిగి మళ్లీ మొదటికొస్తుంది.

కడ్డీకి అరిగిన రంధ్రాన్ని లేతు మీద కొంచెం పెద్దది చేయించి ఇత్తడి బుష్షు దిగగొట్టించాడు. వంగిన మూతను అద్దం పలక మీద వాటర్ పేపరు పరిచి, నీళ్లు చల్లుతూ ఎనిమిది అంకె ఆకారంలో గంటసేపు రుద్దాడు. కార్బరేటరు లోపలి పంపుకుండే డయాఫ్రం అనే పలచటి పొర, ప్యాకింగులు, సూది వాల్వు ఉన్న కిట్టు కోసం నేను చెన్నై పుదుపేట వెళ్లాను. దక్షిణాదిలో పాత బండి ఉన్నవాళ్లకు అది తీర్థయాత్ర. సందుల నిండా విప్పిన కార్లు, నూనెమడ్డి, బేరాలు. మూడు అంగళ్లు తిరిగితే దొరికింది. రెండో అంగడివాడు వేరే బండి డయాఫ్రం చూపించి “ఇదే అది” అన్నాడు. పక్కన పెట్టి కొలిస్తే రంధ్రాలు కలవలేదు.

కార్బరేటరులోనే ఉండే ఆ చిన్న పంపు సంగతి ఒక్కమాట. ఎక్సలేటర్ హఠాత్తుగా తొక్కితే గాలి చటుక్కున లోపలికి దూసుకుపోతుంది. పెట్రోలు బరువు కనుక వెనకబడుతుంది. ఆ ఒక్క క్షణం లోటు పూడ్చడానికి పంపు ఒక పిచికారీ కొడుతుంది. మా డయాఫ్రం చినిగి ఉంది. డెల్కో పోగా మిగిలిన తుమ్ముకు అసలు మూలం అదే, దొంగగాలి దానికి తోడు. రెండు జబ్బులు, ఒకే శబ్దం.

మరి మేస్త్రి రెండింటినీ ఎట్లా వేరు చేశాడు? ఊరుకున్నప్పుడు ఊగితే గాలి, తొక్కినప్పుడు తుమ్మితే పంపు అన్నాడు. ఇంత చిన్న మాట వెనక ఎన్ని వందల జీపులున్నాయో.

పనిలో పనిగా పాతకథలు చెప్పేవాడు. రోహిణికార్తెలో వెలిగొండల వైపు ఎక్కేటప్పుడు సమితి జీపులు ఉన్నట్టుండి ఆగిపోయేవట. ఇంజను సెగకు గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోయి, పంపు గాలిని మింగుతూ ఉండేది. అప్పుడు డ్రైవరు తువ్వాలు తడిపి ఏసీ పంపు మీద కప్పేవాడు. సారు చెట్టు కింద నిలబడేవాడు. పావుగంటలో జీపు లేచేది. తాగడానికి తెచ్చుకున్న కూజాలో నీళ్లు ముందు ఎవరికి, సారుకా జీపుకా అనే తగువు ఒకసారి వచ్చిందట. జీపే గెలిచిందన్నాడు.

ఈ విద్య నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి ఎవరూ రావడంలేదు. వచ్చినా ఏం లాభం? కార్లలో పాతికేళ్ల కిందటే కార్బరేటరు పోయి, పెట్రోలును కంప్యూటరు కొలిచి చిమ్మే పద్ధతి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త మోటారుసైకిళ్లలో చాలావాటికీ అదే. అది మంచి పద్ధతే, పొగ తగ్గింది, మైలేజీ పెరిగింది. దాన్ని తిట్టను. ఆయనా తిట్టలేదు. కొడుకు నడిపే బండి అలాంటిదేనని చెప్పాడు.

పదకొండో రోజు బిగింపు. సూది వాల్వు కింద వేసే వాషరు మందమే గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిర్ణయిస్తుంది. దాన్ని రెండుసార్లు మార్చాడు. కొండ ఎక్కేటప్పుడు బండి వాలితే గిన్నెలో పెట్రోలూ వాలుతుంది. మట్టం ఎక్కువుంటే పొర్లుతుంది, తక్కువుంటే జెట్టుకు అందదు. ఊళ్లో తిరిగే కారుకు పట్టింపు లేదు గానీ ఫోర్ వీల్ గేరు వేసి రాళ్లెక్కే బండికి అదే ప్రాణం. తర్వాత గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ. సుతారంగా చివరిదాకా మూసి, ఒకటిన్నర చుట్టు తెరిచాడు. అది మొదలు మాత్రమే, అసలైన చోటు ఇంజనే చెప్తుందన్నాడు.

స్టార్టరు నొక్కాను. రెండుసార్లు గిర్రుమని, మూడోసారి అందుకుంది. తొక్కాను. తుమ్మలేదు. నాకు కేక వేయాలనిపించింది. మేస్త్రి వేలు ఎత్తి ఊరుకోమన్నాడు. స్క్రూ మీద చెయ్యి పెట్టి వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు తిప్పుతున్నాడు. మోత ఒకచోట పలచనవుతోంది, ఇంకోచోట బరువెక్కుతోంది. నడుమ ఎక్కడో నాలుగు సిలిండర్లూ ఒక్క గొంతుగా కలిసే చోటు ఉంది. అంతవరకూ రోజంతా మోగుతూనే ఉన్న రేడియోలో ఎవరో పెద్దమనిషి ప్రసంగం చేస్తున్నాడు. మేస్త్రి స్క్రూ వదలకుండానే నా వైపు తల తిప్పి, “అబ్బయ్యా, ముందు దాని నోరు మూయించు, ఏం వినబడి చావడంలేదు” అన్నాడు.

లేచి రేడియో ఆపేశాను. ఇప్పుడు ఎక్కడైనా ఏ షెడ్డులోనైనా బానెట్ ఎత్తి, స్క్రూ మీద చెయ్యి పెట్టి ఈ మాటలు వింటున్న మేస్త్రి ఎవరైనా ఉంటే, మీరూ అట్లాగే చేయండి. నేనేం అనుకోను.